కన్నీళ్లు కొనుక్కునే వాళ్లం

పోయిన మాఘంలో మా పెద్దమ్మ చనిపోయింది. నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందు శవం ఉన్నంతసేపూ ఆమె కాళ్ల దగ్గరే కూర్చున్నాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. చుట్టూ ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తున్నారు. నాకు గొంతు పూడుకుపోయింది. కంట్లో మాత్రం చుక్క నీరు లేదు. లేకపోగా రెప్పల కింద గరుకు కాగితం పెట్టి రుద్దుతున్నట్టు మంట. మధ్యలో లేచి వెనక గదిలోకి పోయి, సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ గొట్టం తీసి, మూతి తుంచి, చెరో కంట్లో రెండేసి చుక్కలు వేసుకుని వచ్చాను. చెంపల మీదికి జారిన ఆ మందును చూసి ఒకామె "ఇప్పుడన్న ఏడ్చింది బిడ్డ" అన్నది. అంతకు ముందే ఇంకొకామె అన్న మాట కూడా నా చెవిన పడింది: "సదువుకున్నోళ్లకు కండ్లల్ల నీళ్లు రావమ్మా."

నవ్వొచ్చింది. కానీ తర్వాత చాలా రోజులు ఆ మాట వదల్లేదు. స్త్రీ అంటే కన్నీరు అని నమ్మే సమాజంలో కన్నీరు రాని స్త్రీ ఏమవుతుంది? ఏడిస్తే బలహీనురాలు, ఏడవకపోతే కఠినురాలు. ఇదంతా మనకు తెలిసిన సంగతే. నేను రాయదలుచుకున్నది దీని గురించి కాదు. ఆ గొట్టంలోని మందు గురించి, అది ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అనే దాని గురించి.

నాకు కళ్లు పొడిబారే జబ్బు మొదలై నాలుగేళ్లు దాటింది. నలభై నాలుగో ఏట, ముట్లు అటూ ఇటూ అవుతున్న కాలంలో మొదలైంది. పొద్దున లేవగానే రెప్పలు అంటుకుపోయేవి. ఎండలోకి వెళితే కళ్లు చీల్చినట్టుండేది. పది నిమిషాలు చదివితే అక్షరాలు మసకబారేవి. నగరంలో మొదట చూసిన డాక్టరు చార్టు చదివించి, చూపు బాగానే ఉందన్నాడు. "వయసు మేడమ్, కాస్త టెన్షన్ తగ్గించుకోండి, చదువు కూడా తగ్గించండి" అన్నాడు. చదవడమే నా బతుకుతెరువు అని చెప్పాను. ఆయన అప్పటికే తర్వాతి రోగిని పిలిచాడు. రెండో చోట ఏవో చుక్కలు రాశారు. వేసుకున్న రెండో రోజుకే హాయిగా ఉంది. చీటీ చూపకుండానే మందుల దుకాణంలో మళ్లీ మళ్లీ ఇచ్చారు, నేనూ మళ్లీ మళ్లీ కొన్నాను. అందులో స్టెరాయిడ్ ఉందనీ, నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వచ్చే ప్రమాదం ఉందనీ మూడో డాక్టరు చెప్పేదాకా తెలియదు. డాక్టరేట్ ఉన్న మనిషిని. మందు డబ్బా మీద అక్షరాలు చదవలేదు, ఎందుకంటే కళ్లు మండుతున్నాయి!

ఆ మూడో డాక్టరు ఒక స్త్రీ. స్త్రీ కాబట్టి బాగా చూసిందని అనను. ఆమెకు వినే తీరిక ఉంది, అంతే. కింది రెప్పలో సన్నని కాగితపు ముక్క పెట్టి అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోమన్నది. 1903లో ఆటో షిర్మర్ అనే జర్మన్ వైద్యుడు చెప్పిన పరీక్ష అది. కాగితం ఎన్ని మిల్లీమీటర్లు తడిస్తే కంట్లో అంత తడి ఉన్నట్టు. పది, పదిహేను దాటితే మామూలు, అయిదు లోపు అంటే బాగా ఎండినట్టు. నాకు కుడి కంట నాలుగు, ఎడమ కంట మూడు.

కన్నీరు అంటే ఉత్త ఉప్పునీరు కాదని అప్పుడు తెలుసుకున్నాను. కంటిని అంటిపెట్టుకుని జిగురు, దాని మీద నీరు, పైన నీరు ఆవిరి కాకుండా పల్చటి నూనె. ఆ నూనె రెప్పల అంచున వరసగా ఉండే గ్రంథులలోంచి వస్తుంది. అవి మూసుకుపోతే నీరు ఎంత ఊరినా నిలవదు. ఇంకో చిత్రమేమంటే, ఎండిన కంటికి మంట పుట్టి, ఆ మంటకు ఉన్నట్టుండి బొటబొటా నీళ్లు కారతాయి. ఆ నీళ్లలో నూనె, జిగురు సరిగా ఉండవు కనుక కంటికి తడి ఆనదు. నీళ్లు కారే కంటిని పొడి కన్ను అంటే ఎవరు నమ్ముతారు? మా మరదలి విషయంలో జరిగింది ఇదే. ఆ సంగతికి వస్తాను.

ఈ జబ్బు ఆడవాళ్లకు ఎక్కువ. అమెరికాలో దాదాపు నలభై వేల మంది స్త్రీ ఆరోగ్య ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో యాభై దాటిన వారిలో 7.8 శాతానికి ఇది ఉన్నట్టు 2003లో తేలింది. మగ డాక్టర్ల మీద చేసిన అలాంటి అధ్యయనంలో 2009లో వచ్చిన అంకె 4.3 శాతం. కారణం ఏమిటి? కంటి గ్రంథులు సరిగా పనిచేయడానికి ఆండ్రోజెన్లు, అంటే మనం మగ హార్మోన్లు అని పిలుచుకునేవి, కావాలి. అవి ఆడవాళ్లలోనూ ఉంటాయి, తక్కువగా ఉంటాయి, వయసుతో ఇంకా తగ్గుతాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ మాత్రలు వేసుకుంటే అంతా సర్దుకుంటుందని ఒకప్పుడు అమ్మారు కదా, 25,665 మంది స్త్రీల వివరాలతో 2001లో వచ్చిన అధ్యయనం దానికి ఎదురు చెప్పింది. ఉత్త ఈస్ట్రోజన్ వాడిన వాళ్లలో పొడి కళ్లు ఉండే అవకాశం దాదాపు 70 శాతం ఎక్కువగా కనిపించింది.

హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి వైద్యుడి కథ కూడా చెప్పాలి. కళ్లు, నోరు ఎండిపోయి, కొందరికి కీళ్లు కూడా పట్టేసిన పందొమ్మిది మంది రోగుల గురించి ఆయన 1933లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. పందొమ్మిది మందీ స్త్రీలే. పదమూడు మందికి కీళ్లవాతం ఉంది. కళ్లు ఎండడం కళ్ల జబ్బు మాత్రమే కాదు, శరీరం తన గ్రంథుల మీద తానే దాడి చేసుకుంటున్నదని తర్వాత వైద్యం ఒప్పుకోవడానికి దారి తీసిన పరిశీలన అది. కానీ ఆ గ్రంథానికి వచ్చిన మార్కులు ఆయనకు విశ్వవిద్యాలయ బోధకుడి హోదా ఇవ్వడానికి సరిపోలేదు. పదేళ్ల తర్వాత ఇంగ్లీషులోకి అనువాదమయ్యాక గానీ ప్రపంచం పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది, వచ్చే వాళ్లలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లు. డాక్టరు పేరు మిగిలింది. "నాకు ఏడుపు రావడం లేదు డాక్టర్" అని మొదట చెప్పిన ఆ స్త్రీల పేర్లు ఎక్కడా లేవు.

నాకు రక్త పరీక్షలో షోగ్రెన్ జబ్బు లేదని తేలింది. నా చికిత్స ఇది: రోజుకు ఆరుసార్లు కృత్రిమ కన్నీటి చుక్కలు. అవి కూడా నిలవ ఉంచే రసాయనం కలపనివి, ఎందుకంటే సీసాలలో కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఎక్కువసార్లు పడితే ఎండిన కంటి పైపొరను మరింత పాడుచేస్తుంది. పొద్దున, రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని గుడ్డతో కాపడం, ఆ తర్వాత రెప్పలు వత్తడం. రోజుకు రెండుసార్లు సైక్లోస్పోరిన్ చుక్కలు. ఇవి మొదట్లో మండుతాయి, గుణం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది. దుమ్ముకు, పొగకు, గాలికి దూరంగా ఉండాలి. నెలకు నాకు పదిహేను వందలకు పైగా అవుతున్నది. ఉద్యోగం ఉంది కనుక పెట్టుకుంటున్నాను. మూడో నెలకు చదవగలిగాను. జబ్బు పోలేదు, పోదు కూడా. బీపీలాగా, షుగర్‌లాగా దానితో బతకాలి.

ఇక మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య. నలభై రెండేళ్లు. పత్తి ఏరుతుంది, కంది కోస్తుంది, ఇద్దరు పిల్లలకు, మా తమ్ముడికి, మా అమ్మకు వండుతుంది. చెరకు నరకడం పనికి వలసపోయే ఆడవాళ్ల గురించి పరిశోధన కోసం నేను ఇప్పుడు నెలకు పదిహేను రోజులు ఖేడ్‌లోనే ఉంటున్నాను. నేను కాపడం పెట్టుకుంటుంటే పక్కన కూర్చుని చూసేది. ఒక రోజు అడిగింది: "వదినె, నాకు గూడ గట్లనే మండుతయి. ఇసుక వోసినట్టు. ఎనిమిదేండ్లాయె."

ఎనిమిదేళ్లు! నందివర్ధనం పూలు పెట్టుకుంది. ఆముదం రాసుకుంది. పక్కింటి బాలింతను అడిగి చనుబాలు వేయించుకుంది. ఒక కంటి శిబిరానికి పోతే చార్టు చదివించి, దగ్గరి చూపుకు అద్దాలిచ్చారు. మండుతున్నాయని చెబితే "నీళ్లు కారుతున్నయి గద, పొడి ఏడికెళ్లి వచ్చె" అన్నారట. మిగిలింది మందుల దుకాణం. నేను వాడిన స్టెరాయిడ్ లాంటిదే ఆమె కూడా వాడింది, నాలాగే చీటీ లేకుండా, నాకంటే ఎక్కువ కాలం.

నా చీటీలోని సలహాలు ఆమెకు చదివి వినిపించాను. పొగకు దూరంగా ఉండాలి. ఆమె పొయ్యి వైపు చూసింది. గ్యాసు ఉంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల, గ్యాసు పొయ్యిలు ఊళ్లకు చేరిన మాట నిజమే. కానీ మా ఇంట్లో సిలిండరు మీద కాగేది చాయ మాత్రమే. రొట్టెలు, అన్నం, స్నానాల నీళ్లు కట్టెల మీదే. సిలిండరు అయిపోతే కొనేది డబ్బుతో, కట్టెలు తెచ్చేది ఆమె నెత్తి మీద. ఇంటి లెక్కలో ఏది చవక? దుమ్ముకు దూరంగా ఉండాలి. కంది కొట్టే రోజు కల్లంలో నిలబడ్డ వాళ్లెవరైనా ఈ సలహాకు నవ్వుతారు. రోజుకు ఆరుసార్లు చుక్కలు. పత్తి చేలో చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడివి? పది నిమిషాల కాపడం, రెండు పూటలా. "పొద్దుగాల పది నిమిషాలు కండ్లు మూసుకొని కూసుంటే అత్తమ్మ ఏమంటది వదినె?" మా అమ్మ ఏమంటుందో నాకూ తెలుసు. నేను కూర్చుంటే మాత్రం ఏమీ అనదు.

వైద్యులు దీన్ని రోగి సలహా పాటించకపోవడం అంటారు. ఆ మాట వెనక ఒక రోగి బొమ్మ ఉంది: సొంత గది, సొంత సమయం, శుభ్రమైన చేతులు, సొంత డబ్బు ఉన్న మనిషి. ఆ బొమ్మకు నేను సరిపోతాను, మా మరదలు సరిపోదు. ఇద్దరం స్త్రీలమే, ఒకే ఇంటి వాళ్లమే, జబ్బు కూడా ఒకటే. 'స్త్రీల ఆరోగ్యం' అని ఒకే గంపలో వేసి మాట్లాడటం ఇక్కడ నాకు కష్టమవుతుంది.

ప్రభుత్వానికి కంటి ఆరోగ్యం అంటే అంధత్వ నివారణ. 1976లో జాతీయ కార్యక్రమం మొదలైంది ఆ పేరుతోనే. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో శుక్లాల ఆపరేషన్ల ప్రాజెక్టు వచ్చింది, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మా పక్క మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు ప్రారంభమైంది, 2023లో రెండో విడత జరిగింది. ఊరూరా కళ్లు పరీక్షించడం, అద్దాలివ్వడం చిన్న పని కాదు. సూది బెజ్జం కనపడక కుట్టుపని మానుకున్న ఆడవాళ్లు మళ్లీ కుట్టడం నేనే చూశాను. కానీ ఈ కార్యక్రమాలన్నిటికీ కొలబద్ద చూపే. చూపు పోతే లెక్క. చూపు ఉండి నొప్పి ఉంటే లెక్క లేదు. అద్దం ఇవ్వడం ఒక రోజు పని, శుక్లం తీయడమూ అంతే, సంఖ్య వేసుకోవచ్చు. ఏళ్ల తరబడి చుక్కలు ఇవ్వాల్సిన జబ్బుకు లక్ష్యం పెట్టి, ఇంతమందిని పూర్తి చేశామని చెప్పుకోవడం కుదరదు. ఆరోగ్యశ్రీ సంగతీ ఇలాంటిదే. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల పథకం. నెలనెలా కొనే చుక్కలకు అందులో చోటు ఎక్కడ?

కళ్లు ఎండడం అంటే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు బాగా తెలిసింది విటమిన్ ఎ లోపం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970 నుంచి పిల్లలకు ఆరు నెలలకొకసారి ఆ మందు పోస్తున్నారు. ఎన్నో కళ్లు మిగిలాయి. బిడ్డ కన్ను ఎండితే దేశం కదిలింది, మంచిదే. బిడ్డను కన్న ఆమె కన్ను ఎండితే "వయసు" అంటున్నారు.

పెద్ద సంస్థలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996లోనే ఆదిలాబాద్ జిల్లా ముధోల్ దాకా వెళ్లింది. ఆ సంస్థ పరిశోధకులు లక్షలాది రోగుల కంప్యూటర్ రికార్డులు తిరగేసి పొడి కళ్ల మీద 2019లో వివరాలు ప్రచురించారు. అవసరమైన పని. అయితే ఆసుపత్రి రికార్డులు ఆసుపత్రి దాకా వచ్చిన వాళ్ల లెక్కే చెప్పగలవు. కూలి వదులుకుని, తోడు వెతుక్కుని, బస్సెక్కి, "చూపు బాగనే ఉన్నది గద" అనే ఇంటివాళ్లను ఒప్పించి వచ్చిన వాళ్ల లెక్క. ఎనిమిదేళ్లు ఆముదం రాసుకున్న మనిషి ఏ రికార్డులో ఉంటుంది?

మందు నాణ్యత సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ఒక కంపెనీ తయారుచేసిన కృత్రిమ కన్నీటి చుక్కలను అమెరికాలో వెనక్కి తీసుకున్నారు. వాటికి ముడిపడిన మొండి సూక్ష్మజీవి 81 మందికి సోకింది, నలుగురు చనిపోయారు, పద్నాలుగు మంది చూపు కోల్పోయారు. అక్కడ ఆరోగ్య శాఖ రోగి రోగినీ వెతికి లెక్క తీసింది కనుక ఇవి మనకు తెలుసు. మన ఊళ్లో చుక్కలు వేసుకుని కన్ను పోతే దాన్ని ఏ మందుకు ముడిపెడతాం? ఎవరు వెతుకుతారు?

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న సంగతి. మా మరదలికి ముప్ఫై ఒకటో ఏట గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతున్నదని వెళితే, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారట. అండాశయాలు కూడా తీశారా అని అడిగితే ఆమెకు తెలియదు. కాగితాలు లేవు. "అంత తీసేసిన్రు వదినె" అంటుంది. అండాశయాలు తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఈస్ట్రోజన్‌తో పాటు ఆండ్రోజెన్లూ పడిపోతాయి. ఉంచినా కొందరిలో అవి తొందరగా ఉడిగిపోతాయి. మూడేళ్ల తర్వాత కళ్లు మండటం మొదలైంది. ఒక దాని వల్లే ఇంకొకటి అని ఈ ఒక్క మనిషి కథతో చెప్పలేను. పొయ్యి ఉంది, దుమ్ము ఉంది, స్టెరాయిడ్ ఉంది. కానీ అడగాల్సిన ప్రశ్న అది.

ఎందుకంటే ఆమె ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. చెరకు నరకడానికి పోయే వాళ్లలో సంగతి ఇంకా ఘోరం. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో 2019లో ప్రభుత్వ కమిటీ లెక్క తీస్తే 82,309 మంది చెరకు కూలీ స్త్రీలలో 13,861 మందికి గర్భసంచి లేదు. ఖేడ్ తండాల నుంచి కూడా చెరకు పనికి పోతారు. అక్కడ ముట్టు అంటే పోయిన కూలి. అందుకని తీయించుకోవడం 'ఇష్టం' అవుతుంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆపరేషన్ ఆపడం గురించి మాట్లాడుతున్నాం. అయిపోయిన వాళ్ల మిగతా శరీరం గురించి, ఎముకల గురించి, కళ్ల గురించి, ముప్ఫై ఏళ్లకే మొదలైన వృద్ధాప్యం గురించి ఎవరు అడుగుతారు?

ఇక్కడ మన ఉద్యమాన్ని కూడా ఒక మాట అనాలి. 1985లో మా ఉమ్మడి మెదక్ జిల్లా పటాన్‌చెరులోనే నెట్-ఎన్ ఇంజెక్షన్ల ప్రయోగానికి ఆడవాళ్లను ఏమీ చెప్పకుండా పోగుచేస్తుంటే స్త్రీశక్తి సంఘటన నిలదీసింది, 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. నా తరం వాళ్లం ఆ పోరాటం గురించి వింటూ పెరిగాం. గర్భసంచి మీద రాజ్యానికి, కంపెనీలకు, కుటుంబానికి ఉన్న కన్ను అలాంటిది, అక్కడ పోరాడక తప్పలేదు. కానీ మనం కూడా ఎక్కడో స్త్రీ ఆరోగ్యం అంటే బొడ్డు కింద ఆరోగ్యమే అనే దగ్గర ఆగిపోయామా? నా వలస సర్వే పత్రంలో కాన్పులు, అబార్షన్లు, ముట్లు, తెల్లబట్ట, ఆపరేషన్ల మీద పంతొమ్మిది ప్రశ్నలున్నాయి. కళ్ల మీద ఒక్కటి లేదు. ఆ పత్రం తయారుచేసింది పొడి కళ్లతో చుక్కలు వేసుకుంటున్న నేనే. నా జబ్బును నేనూ సొంత గొడవగానే అనుకున్నాను, స్త్రీల సమస్య అనుకోలేదు.

ఇప్పుడు రెండు ప్రశ్నలు చేర్చాను. కళ్లు మండుతాయా, ఎంత కాలంగా? గర్భసంచి తీసినప్పుడు ఇంకేమి తీశారో చెప్పారా? మొదటి రోజే ఒక తండాలో ఆడవాళ్లు సర్వే సంగతి మరిచి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకామె అన్నది: "మండుతయి గని, కండ్లు మండుడు గూడ రోగమేనా అక్కా?"

అడగవలసినవి మరీ పెద్దవేమీ కావు. రసాయనం కలపని కన్నీటి చుక్కలు బీపీ, షుగర్ మాత్రల లాగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలి. షిర్మర్ కాగితానికి కరెంటు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు, ప్రతి కంటి శిబిరంలోనూ ఉండొచ్చు. చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మడం ఆపాలి. ఆపరేషన్ చేసిన ప్రతి స్త్రీ చేతిలో ఏమి తీశారో ఆమెకు తెలిసిన భాషలో రాసిన కాగితం ఉండాలి. మన పత్రికలు, శిక్షణా తరగతులు వీటిని చర్చకు పెట్టాలి. దీనికి ఫండింగ్ ఎవరిస్తారని మిత్రులు అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

నా గొట్టాలు మా మరదలికి ఇవ్వబోతే వద్దంది. ఒకసారి తెరిచిన దాన్ని పారేయాలని చెప్పాను. "ఇంక సగమున్నది గద, పారేస్తవా?" అని ఆశ్చర్యపోయింది. ముందు ఆమె కంటి ఒత్తిడి చూపించాలి. స్టెరాయిడ్ ఏం చేసి పోయిందో తెలియాలి. సోమవారం ఇద్దరం హైదరాబాదు పోతున్నాం. పొద్దున ఆరింటికి బస్సు. ఆ రోజు పొయ్యి ఎవరు ముట్టిస్తారన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.